కమ్యూనిటీ చేపలకు ఎంత ట్యాంక్ కావాలి? వరంగల్ ఎండలు, కరెంటు, నీళ్లు చూసి రాసిన జవాబులు

హన్మకొండలో మా ఇంట్లో చాలా ఏళ్లుగా చేపలు పెంచుతున్నాను. కొత్తగా మొదలుపెట్టేవాళ్లు అడిగే ప్రశ్నలు దాదాపు ఇవే ఉంటాయి కాబట్టి అన్నీ ఒక్కచోట రాస్తున్నా. ఇది గుప్పీ, ప్లాటీ, మోలీ, టెట్రా, జీబ్రా డానియో, కోరీ లాంటి, ఒకదాన్నొకటి పీక్కుతినకుండా కలిసి బతికే చిన్న మంచినీటి చేపల గురించి మాత్రమే. ఫ్లవర్‌హార్న్, ఆస్కార్, అరోవానా పెంచేవాళ్ల లెక్క పూర్తిగా వేరు.

మొదటి ట్యాంక్ ఏ సైజు కొనాలి? సూటిగా చెప్పండి.

30 ఇంచుల పొడవు, 12 ఇంచుల వెడల్పు, 15 ఇంచుల ఎత్తు. జాగా లేకపోతే, డబ్బులు సరిపోకపోతే 24×12×12, అంటే షాపుల్లో రెండు ఫీట్ల ట్యాంక్ అనేది. అంతకన్నా చిన్నది మొదటి ట్యాంక్‌గా వద్దు.

ముందు చిన్నది కొని, అలవాటయ్యాక పెద్దది కొంటే మంచిది కదా?

అందరూ ఇలాగే అనుకుంటారు, నేనూ ఇలాగే అనుకున్నా. కానీ చిన్న ట్యాంకే కష్టం. చేపలు వదిలే మలం, మిగిలిపోయిన మేత కుళ్లి అమ్మోనియా అవుతుంది, అది చేపలకు విషం. అదే తప్పు, అంటే ఒక చిటికెడు మేత ఎక్కువ వేయడం, 100 లీటర్లలో జరిగితే నీళ్లు తట్టుకుంటాయి, 20 లీటర్లలో జరిగితే తెల్లారేసరికి చేపలు తేలుతాయి. కొత్తవాళ్లు చేసేవే తప్పులు, అందుకే వాళ్లకే ఎక్కువ నీళ్లు కావాలి.

రెండో కారణం ఎండ. నా మొదటి ట్యాంక్ 18 ఇంచులది, అందులో 14 చేపలు. షాపాయన సరిపోతుందన్నాడు, నేను నమ్మాను. మొదటి ఎండాకాలం, మే నెలలో ఒక రాత్రి కరెంటు పోయింది. ఉక్కకు మెలకువ వచ్చి, మంచినీళ్లకని లేచి ఫోన్ టార్చ్ వేసి చూస్తే చేపలన్నీ పైకి వచ్చి, ఒక మూలకు చేరి, మూతులు నీళ్లపైన పెట్టి టపటపా కొట్టుకుంటున్నాయి. నీళ్లలో చెయ్యి పెడితే పొద్దంతా ఎండకు కాగిన మేడమీది సింటెక్స్ నీళ్లలా ఉన్నాయి. మగ్గుతో నీళ్లు ముంచి కాస్త పైనుంచి మళ్లీ అందులోనే పోస్తూ కూర్చున్నా, నీళ్లలో గాలి కలుస్తుందని. కరెంటు వచ్చేసరికి తెల్లారింది. ఐదు చేపలు పోయాయి. అందులో ఒకటి నిండు కడుపుతో ఉన్న ఆడ గుప్పీ, రెండు రోజుల్లో పిల్లలు పెట్టేదేమో. అది ఇప్పటికీ కళ్ల ముందే ఉంటుంది.

ఆ రాత్రి అదే ఇంట్లో అవే 14 చేపలు మూడు ఫీట్ల ట్యాంక్‌లో ఉండి ఉంటే బహుశా ఒక్కటీ పోయేది కాదు. నీళ్లు ఎక్కువుంటే వేడెక్కడానికి టైం పడుతుంది, ఒక్కో చేపకు దొరికే ఆక్సిజన్ ఎక్కువుంటుంది. మనకు దొరికేది ఆ టైమే.

పొడవు ముఖ్యమా, ఎత్తు ముఖ్యమా?

పొడవు, ఆ తర్వాత వెడల్పు. ఎత్తు చివర.

చెరువునూ బావినీ తలుచుకోండి. రెండింట్లో నీళ్లు సమానంగానే ఉన్నాయనుకున్నా, పరుచుకున్న చెరువు నీళ్లకు గాలి తగిలే జాగా ఎక్కువ, బావికి తక్కువ. ట్యాంక్‌లోకి ఆక్సిజన్ పోయేది పైభాగం నుంచే. ఎయిర్ పంప్ బుడగలు కూడా ముఖ్యంగా చేసే పని నీళ్లను కిందికీ పైకీ తిప్పి, పై నీటిని కదిలించడమే. అందుకే చూడ్డానికి అందంగా ఉందని స్తంభంలా నిలువుగా ఉండే ట్యాంక్ కొంటే, లీటర్లు ఉంటాయి కానీ చేపల సంఖ్య పెంచలేరు. పైగా జీబ్రా డానియోలు, టెట్రాలు అడ్డంగా ఈదుతాయి, ఈ చివర నుంచి ఆ చివరకు ఉరుకుతాయి. వాటికి నిలువు ఎత్తు ఎందుకూ పనికిరాదు. ఎత్తు కావాల్సింది ఏంజెల్ లాంటి పొడవాటి రెక్కల చేపలకు, వాటికి 18 ఇంచులైనా ఉండాలి.

ఇంకోటి, 20 ఇంచులు దాటిన ఎత్తులో అడుగున చెత్త తీయాలంటే భుజం దాకా చెయ్యి ముంచాలి. వారం వారం చేసే పని కాబట్టి ఇది చిన్న విషయం కాదు.

షాపులో ఫీట్లు అంటారు, యూట్యూబ్‌లో గ్యాలన్లు అంటారు. లీటర్లు ఎలా లెక్కేయాలి?

పొడవు, వెడల్పు, ఎత్తు ఇంచుల్లో తీసుకుని మూడూ గుణించి 61తో భాగించండి. 24×12×12 అయితే 3,456, దాన్ని 61తో భాగిస్తే సుమారు 56 లీటర్లు. 30×12×15 అయితే 88. మూడు ఫీట్లది 36×15×15 అయితే 132. ఇందులో గులకరాళ్లు, పైన వదిలే ఖాళీ పోను నిజంగా పట్టే నీళ్లు 15 శాతం దాకా తక్కువ ఉంటాయి, చేపల లెక్క ఆ తక్కువ అంకె మీదే వేయాలి. అమెరికా గ్యాలన్ అంటే 3.8 లీటర్లు, కాబట్టి వీడియోల్లో వాళ్లు చెప్పే 20 గ్యాలన్లు అంటే మన 75 లీటర్లు.

మరి ఎన్ని చేపలు వేయొచ్చు?

ఎక్కువమంది చెప్పే లెక్క లీటరుకు ఒక సెంటీమీటర్ చేప. చేప అంటే షాపులో ఉన్న పిల్ల సైజు కాదు, పూర్తిగా పెరిగాక ఉండే సైజు, అదీ తోక వదిలేసి. ఈ లెక్క మీద మన ఎండల కోసం నేను నాలుగో వంతు తగ్గిస్తాను. అంటే రెండు ఫీట్ల ట్యాంక్‌లో నికరంగా 48 లీటర్లుంటే 36 సెంటీమీటర్ల చేపలు, మగ గుప్పీలైతే ఎనిమిది తొమ్మిది. 30 ఇంచుల ట్యాంక్‌లో ఐదు ప్లాటీలు, ఏడు జీబ్రాలు హాయిగా ఉంటాయి. మూడు ఫీట్లదైతే ఎనిమిది విడో టెట్రాలు, అడుగున తిరిగే కోరీలు ఆరు, ఒక జత డ్వార్ఫ్ గౌరామీ. మూడు జాతులూ ట్యాంక్‌లో వేర్వేరు ఎత్తుల్లో తిరుగుతాయి కాబట్టి నిండుగా కనిపిస్తుంది, ఇరుకు ఉండదు.

ఈ లెక్క ఏడెనిమిది సెంటీమీటర్ల లోపు సన్నటి చేపలకే. 30 సెంటీమీటర్ల ఆస్కార్ ఒకటీ, 3 సెంటీమీటర్ల నియాన్ టెట్రాలు పదీ లెక్కలో సమానమే, కానీ ఆస్కార్ తినేది, వదిలేది ఆ పదింటికన్నా ఎన్నో రెట్లు.

గుంపు చేపల్ని ఒకటీ రెండూ కొనకండి. టెట్రా, జీబ్రా, కోరీ ఏదైనా కనీసం ఆరు ఉండాలి, లేకపోతే భయంతో మూలకు నక్కుతాయి. నాలుగు జాతులు జతలు జతలుగా కొనేకన్నా రెండు జాతులు గుంపులుగా కొంటే చేపలకూ మంచిది, చూసేవాళ్లకూ మంచిది. టైగర్ బార్బ్‌లు మాత్రం గుప్పీలు, ఏంజెల్‌లు ఉన్న ట్యాంక్‌లో వద్దు, తోకలు కొరుకుతాయి.

షాపులో రెండు ఇంచులే ఉంది, పెరిగితే మార్చుకుందాం అనుకుంటే తప్పా?

తప్పే. ఎక్కువ చేపలు చచ్చేది ఇక్కడే, అందుకే దీని గురించి కాస్త ఎక్కువ రాస్తా.

షార్క్ అని అమ్మే వెండిరంగు చేప ఉంటుంది కదా, బెదిరితే అద్దానికి కొట్టుకునేది. అది పంగాసియస్. చేపల మార్కెట్‌లో కిలోల లెక్కన అమ్ముతున్నారే, హోటళ్లలో బాసా అని ఫిల్లెట్లు పెడుతున్నారే, అదే జాతి. మీటరు దాకా పెరగగలదు. దాన్ని రెండు ఫీట్ల ట్యాంక్‌లో వేస్తే ఏమవుతుందో ఆలోచించండి. ట్యాంక్‌ను బట్టి చేప పెరగడం ఆగుతుందని కొందరంటారు. అలా ఆగదు. మురికి నీళ్లలో, ఇరుకులో ఎదుగుదల దెబ్బతిని గిడసబారుతుంది, ఆయుష్షు సగంలోనే పోతుంది.

అద్దాలు శుభ్రం చేస్తుందని అంటగట్టే సక్కర్ చేప కూడా అంతే. అది ఒకటిన్నర అడుగుల దాకా పెరిగే జాతి, అద్దాల నాచు నాకే దానికన్నా వదిలే మలమే ఎక్కువ. నాచు మీరు పాత ఏటీఎం కార్డుతో గీకేసుకోండి, రెండు నిమిషాల పని. పెద్దదైన సక్కర్‌ను తీసుకెళ్లి భద్రకాళి చెరువులోనో వడ్డేపల్లి చెరువులోనో వదిలేద్దామని మాత్రం అస్సలు అనుకోకండి. మన దేశంలో చాలా చెరువుల్లో, నదుల్లో అవి ఇప్పటికే చేరి గుడ్లు పెట్టి పెరుగుతున్నాయి. వాటి ఒంటిమీది ముళ్లకు వలలు చినుగుతాయి, చేపలు పట్టి బతికే కుటుంబాలకు అది నష్టం. పెంచలేకపోతే షాపులో తిరిగి ఇచ్చేయండి.

మిగతావి క్లుప్తంగా: మోలీ 8 నుంచి 10 సెంటీమీటర్లు, స్వోర్డ్‌టెయిల్ 10 నుంచి 12, బ్లూ గౌరామీ 12 దాటుతుంది, ఏంజెల్ 15. పెరిగిన ఏంజెల్ నియాన్ టెట్రాను మింగేస్తుంది, ఒకే ట్యాంక్‌లో పెట్టకండి.

వాస్తుకని ఎనిమిది గోల్డ్‌ఫిష్‌లు, ఒక నల్లది పెట్టమన్నారు. రెండు ఫీట్ల ట్యాంక్ చాలా?

చాలదు. గుడ్లు తేలిన కళ్లవి, గుండ్రటి పొట్టవి కూడా 15 సెంటీమీటర్లు పైనే పెరుగుతాయి, పొడవాటి కామెట్ రకం అయితే 30. గోల్డ్‌ఫిష్ మురికి కూడా చాలా చేస్తుంది. తొమ్మిదింటికి నాలుగు ఫీట్లు కూడా ఇరుకే. చాలా ఇళ్లలో ఈ తొమ్మిది చేపలూ ఏడాది తిరక్కుండానే ఒక్కొక్కటిగా పోతుంటే మళ్లీ మళ్లీ కొని వేస్తూ ఉంటారు, అది నాకు చూడబుద్ధి కాదు.

నమ్మకం ఉన్నవాళ్లకు నేను చెప్పేది ఒకటే: ఎనిమిది ఎర్ర ప్లాటీలు, ఒక నల్ల ప్లాటీ. లెక్క కుదురుతుంది, రంగు కుదురుతుంది, 30 ఇంచుల ట్యాంక్‌లో ఏళ్లపాటు బతుకుతాయి. మా పిన్ని వాళ్లింట్లో కాజీపేటలో ఇలాగే పెట్టించాను. ఏ దిక్కున పెట్టినా ఫర్వాలేదు కానీ నేరుగా ఎండ పడే కిటికీ దగ్గర మాత్రం వద్దు.

గుండ్రటి గాజు బౌల్?

వద్దు. ఏ చేపకూ వద్దు. ఫైటర్ ఒక్కదానికి కూడా 15 నుంచి 20 లీటర్ల ట్యాంక్ కావాలి.

మా ఇంట్లో బోరు నీళ్లు, నల్లా నీళ్లు రెండూ ఉన్నాయి. ఏవి వాడాలి? దీనికీ సైజుకీ సంబంధం ఉందా?

ఉంది. నల్లా నీళ్లలో క్లోరిన్ ఉంటుంది, యాంటీక్లోరిన్ చుక్కలు వేయాలి, లేదా వెడల్పాటి టబ్బులో ఒక రోజు మూత లేకుండా ఉంచాలి. వారానికి నాలుగో వంతు నీళ్లు మార్చాలి కాబట్టి, రెండు ఫీట్ల ట్యాంక్‌కు ఒక బకెట్, మూడు ఫీట్లకు రెండు బకెట్లు పైన. నాలుగు ఫీట్లు కొనే ముందు వారం వారం నాలుగు బకెట్లు మోయగలనా అని ఆలోచించుకోండి.

మన వైపు బోరు నీళ్లు ఎక్కువగా గట్టివి, బకెట్ అంచుకు తెల్లగా ఉప్పు పేరుకుంటుంది చూడండి. అవి గుప్పీ, మోలీ, ప్లాటీ, స్వోర్డ్‌టెయిల్‌లకు బాగా నచ్చుతాయి. నియాన్, కార్డినల్ టెట్రాలకు మెత్తటి నీళ్లు కావాలి, మొదట్లో వాటి జోలికి పోకండి. ఆర్‌వో నీళ్లు శుభ్రం కదా అని మొత్తం అవే పోసేవాళ్లున్నారు. వాటిలో చేపలకు కావాల్సిన ఖనిజాలు దాదాపు ఉండవు, మోలీలైతే నాలుగు రోజుల్లో వణుకుతూ ఉన్నచోటే ఊగుతాయి. కలపాలంటే బోరు నీళ్లతో సగం సగం కలపండి.

ఎండాకాలం 44 డిగ్రీలు దాటుతుంది. ట్యాంక్ సైజు ఒక్కటే కాపాడుతుందా?

ఒక్కటే కాపాడదు, కానీ మొదటి రక్ష అదే. 25 డిగ్రీల నీళ్లలో లీటరుకు 8 మిల్లీగ్రాములకు కాస్త పైన ఆక్సిజన్ ఇముడుతుంది, 33 డిగ్రీలకు అది 7 దగ్గరికి పడిపోతుంది. అదే వేడికి చేపల ఒంట్లో ఖర్చు మాత్రం పెరుగుతుంది. పైగా నీళ్లు వేడెక్కేకొద్దీ అమ్మోనియా విషం కూడా ఎక్కువవుతుంది. మూడూ ఒకేసారి.

ట్యాంక్ మూత తీసి పైన జాలీ వేసి, టేబుల్ ఫ్యాన్ గాలి నీటిపైన పడేలా పెట్టండి, రెండు మూడు డిగ్రీలు తగ్గుతుంది. నీళ్లు తొందరగా ఆవిరవుతాయి, రోజూ కాస్త పోయాలి. ఐస్ గడ్డలు వేయకండి, ఉన్నట్టుండి చల్లబడితే చేపలు తట్టుకోలేవు. బ్యాటరీతో నడిచే ఎయిర్ పంప్ ఒకటి ఇంట్లో ఉంచుకోండి, ఇన్వర్టర్ ఉంటే ఎయిర్ పంప్‌ను ఆ లైన్‌కే పెట్టండి, దానికి కాలే కరెంటు చాలా తక్కువ. కరెంటు లేనప్పుడు మేత వేయకండి. మార్చి తర్వాత కొత్త చేపలు కొనకపోవడం నా పద్ధతి.

చలికాలం హీటర్ కావాలా?

డిసెంబర్, జనవరి రాత్రుల్లో కావాలి, ఆదిలాబాద్ వైపైతే తప్పనిసరి. సుమారు లీటరుకు ఒక వాట్, అంటే రెండు ఫీట్లకు 50 వాట్లది.

ఫిల్టర్ ఏది?

గంటకు ట్యాంక్ నీళ్లను నాలుగైదు సార్లు తిప్పేది. రెండు ఫీట్లకు స్పాంజ్ ఫిల్టర్, ఎయిర్ పంప్ చాలు. స్పాంజ్‌ను నల్లా కింద ఎప్పుడూ కడగొద్దు, ట్యాంక్ నుంచి తీసిన నీళ్లలోనే పిండాలి. మేలు చేసే బ్యాక్టీరియా అంతా ఉండేది అందులోనే, క్లోరిన్‌కు అది చచ్చిపోతుంది.

మాది మొదటి అంతస్తు, అద్దె ఇల్లు. బరువు ఆగుతుందా?

లీటరు నీళ్లు కిలో. రెండు ఫీట్ల ట్యాంక్ అద్దం, రాళ్లు కలిపి 70 కిలోల దగ్గర ఉంటుంది, స్లాబ్ ఇంటికి అదేమీ కాదు. మూడు ఫీట్లది 165 కిలోల పైన, స్టాండ్ కలిపితే 200 దగ్గరికి పోతుంది. అంటే ముగ్గురు మనుషులు ఒకేచోట ఎప్పటికీ నిల్చున్నట్టు. గోడ పక్కన పెడితే ఇబ్బంది ఉండదు. దూలాలూ చెక్కలూ వేసిన పాత మిద్దెల మీద పెద్ద ట్యాంక్ వద్దు. టీవీ స్టాండ్ మీద, ఫ్రిజ్ మీద అసలే వద్దు.

స్టాండ్ మట్టం చూడండి. ట్యాంక్ కింద అర ఇంచు థర్మాకోల్ షీట్ వేయండి, కింద చిన్న ఇసుక రేణువు ఉన్నా అద్దం అక్కడే పగులుతుంది. అద్దం మందం రెండు ఫీట్లకు 5 లేదా 6 మిల్లీమీటర్లు, మూడు ఫీట్లకు 8, నాలుగు ఫీట్లకు 10 అడగండి. అద్దాల షాపులో కొలతలిచ్చి చేయించుకుంటే మీకు కావాల్సిన వెడల్పు దొరుకుతుంది, రెడీమేడ్ వాటిలో వెడల్పు దగ్గరే పిసినారితనం చూపిస్తారు. సిలికాన్ పూర్తిగా ఆరాక, ఇంట్లో పెట్టేముందు బయట రెండు రోజులు నిండా నీళ్లు పోసి ఉంచి చూడండి.

ట్యాంక్ తెచ్చిన రోజే చేపలు వేయొచ్చా?

వేయొద్దు. అమ్మోనియాను నైట్రైట్‌గా, దాన్ని నైట్రేట్‌గా మార్చే బ్యాక్టీరియా పెరగడానికి నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. ఫిల్టర్ నడుపుతూ రోజూ చిటికెడు మేత వేసి కుళ్లనివ్వండి, టెస్ట్ కిట్‌లో అమ్మోనియా, నైట్రైట్ సున్నా చూపించాక చేపలు తెండి. తెలిసినవాళ్ల పాత ట్యాంక్ నుంచి వాడిన స్పాంజ్ ముక్క దొరికితే ఈ టైం బాగా తగ్గుతుంది. పిల్లలు ఖాళీ ట్యాంక్ చూసి ఏడుస్తారు, నిజమే. రెండు మొక్కలు పెట్టి, నత్తలు చూపించండి.

గుప్పీలు పిల్లలు పెడితే సైజు సరిపోతుందా?

సరిపోదు. ఆడ గుప్పీ దాదాపు నెలకోసారి ఇరవై ముప్పై పిల్లల్ని పెడుతుంది. వాటికి వేరే ట్యాంక్ పెట్టే ఆలోచన లేకపోతే అన్నీ మగవే కొనండి. రంగులు కూడా మగవాటికే ఎక్కువ.

ఇప్పటికే ఒక ఫీటు ట్యాంక్, అందులో పదిహేను చేపలు ఉన్నాయి. ఏం చేయాలి?

టెన్షన్ పడకండి, కానీ ఈరోజే మొదలుపెట్టండి. మేత సగానికి తగ్గించండి, రోజు విడిచి రోజు నాలుగో వంతు నీళ్లు మార్చండి. పెద్దగా పెరిగే చేపలు ఏవైనా ఉంటే ముందు వాటిని షాపులో ఇచ్చేయండి, డబ్బులు తిరిగి రాకపోయినా సరే. వీలున్న రోజు రెండు ఫీట్లదో, 30 ఇంచులదో తెచ్చుకుని, పాత ఫిల్టర్‌ను, పాత రాళ్లను తడి ఆరకుండా అందులోకి మార్చండి, బ్యాక్టీరియా వాటితోపాటే వస్తుంది. చేపల్ని ఎండపూట కాకుండా సాయంత్రం మార్చండి, ఆ రాత్రి లైట్ వేయకండి. ఖాళీ అయిన ఫీటు ట్యాంక్ పారేయొద్దు. కొత్తగా తెచ్చిన చేపల్ని రెండు వారాలు విడిగా ఉంచి చూడటానికి, జబ్బు పడ్డదాన్ని పక్కకు తీయడానికి అంతకన్నా పనికొచ్చేది లేదు. నా 18 ఇంచుల ట్యాంక్ ఇప్పుడు చేస్తున్న పని అదే.